నాలుగు వంతుల్లో రెండు

నేను పేరిచ్చింది గెలుద్దామని కాదు. మా ఆయన జారెడ్ వంతులు సగానికి తగ్గిద్దామని.

మా కార్ల క్లబ్బులో ఒకే కారుకి ఇద్దరు పేర్లివ్వొచ్చు. ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కో కారుకి నాలుగు వంతులు. ఒక్కరే అయితే నాలుగూ వాళ్ళవే, ఇద్దరైతే చెరి రెండు. జారెడ్ నాలుగు సార్లు వెళ్తే నేను నాలుగు సార్లు చచ్చి బతకాలి. నేనూ పేరిస్తే రెండు సార్లతో సరిపోతుంది. మిగతా రెండు సార్లూ స్టీరింగు నా చేతిలోనే ఉంటుంది కనక ఏం జరుగుతోందో నాకు తెలుస్తుంది. పెరట్లో బట్టలారేస్తూ వేసుకున్న లెక్క ఇది. నిద్రలేని బుర్రకి చాలా తెలివైన లెక్కలా కనిపించింది.

కారు మాకు ఒక్కటే. అయిదు తలుపుల బూడిదరంగు కారు, ఎవరో వాడి అమ్మినది. వెనక సీట్లో మా బాబు ఆర్లో సీటు బిగించి ఉంటుంది. ఆర్లోకి నాలుగో నెల. ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉంది. మంగళవారం మంగళవారం అడిలైడ్ ఆసుపత్రిలో పాత కట్టు కోసేసి, పాదాన్ని రవ్వంత బయటికి తిప్పి, మళ్ళీ తొడ దాకా కొత్త ప్లాస్టర్ వేస్తారు. మొత్తం ఏడు కట్లు. నాలుగు అయ్యాయి. మధ్యలో ఒక్క వారం తప్పినా పాదం మళ్ళీ వెనక్కి పోతుందని అక్కడి నర్సు మొదటి రోజే చెప్పింది. మా కరూండా నుంచి ఆసుపత్రి రెండు గంటల దారి. ఆఖర్న కొండ మీంచి సిటీలోకి దిగాలి, ముందూ వెనకా లారీలే. మా అత్త రేలీన్ దగ్గర యూట్, అంటే వెనక తొట్టి ఉన్న బండి, ఉంది గాని దానికి వెనక సీటు లేదు. చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా అలాంటి బళ్ళే.

రోడ్డు మీద ఏమన్నా అయితే ఇన్సూరెన్సు వాళ్ళు చూసుకుంటారు. ట్రాక్ మీద గోడకి కొడితే మాత్రం ఆ తుక్కు మనదే. కాగితం మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను రెండు సార్లు చదివాను.

"టాల్, ఇది పందెం కాదే," అన్నాడు జారెడ్, వంటింటి గుమ్మంలో నిలబడి. "ఎవడూ ఎవణ్ణీ దాటడు. ఒక చుట్టు ఎంతసేపట్లో తిరుగుతావో ముందే రాసిస్తావు. ప్రతి చుట్టూ ఆ అంకెకి దగ్గరగా రావాలి. నిదానమైతే మార్కులు పోతాయి, వేగమైతే రెట్టింపు పోతాయి. ఇంతకంటే సాధువుల ఆట ఎక్కడుంది?"

"సాధువులకి హెల్మెట్ ఎందుకు?"

"గుండు కదా, చలేస్తుంది."

నవ్వు రాలేదు నాకు. అతనికీ రాలేదు. అప్పుడన్నాడు, "వాన పడిందంటే విత్తనాలు మొదలు. ఇంక జులై దాకా నాకు ఆదివారం అన్నది ఉండదు."

అది నిజమే. జారెడ్ పొలాల్లో ఎరువు చల్లే పెద్ద ట్రాక్టర్ మీద పనిచేస్తాడు. దానికి స్టీరింగు పట్టుకోనక్కర్లేదు, ఆకాశంలోంచి వచ్చే సిగ్నల్ని బట్టి అదే తిన్నగా పోతుంది. పన్నెండు గంటలు అందులో కూర్చుని ఊరికే చూస్తుంటాడు. పొలాలైనా రోడ్లైనా మా వైపు అన్నీ తాడు కట్టి గీసినట్టే ఉంటాయి, మలుపు కావాలంటే పక్క జిల్లాకి పోవాలి. అందుకే గేరు పక్కనున్న ఆ స్పోర్ట్ బటన్ అంటే అతనికి ప్రాణం. పాల ప్యాకెట్‌కి వెళ్తూ కూడా నొక్కుతాడు. నొక్కగానే స్టీరింగు బరువెక్కుతుంది, కాలు ఆనిస్తే చాలు కారు ముందుకి దూకుతుంది. "మామూలుగా ఉన్నప్పుడు ఇది సగం నిద్రలో ఉంటుంది," అంటాడు. నాకు సగం నిద్రలో ఉన్న కార్లంటే ఏ అభ్యంతరమూ లేదు. నేను నడిపేదే అలా.

"సరే, నేను కూడా పేరిస్తాను," అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "నువ్వా?"

"నేను నడపకూడదా?"

అతని మొహం ఎంత వెలిగిందంటే, నా లెక్క అతనికి చెప్పలేకపోయాను.

*

ట్రాక్ ఒకప్పుడు విమానాలు దిగే మైదానం. ఆదివారం ఎనిమిదింటికల్లా ముప్పై కార్లు వచ్చేశాయి. ఒకటో రెండో తప్ప అన్నీ పొద్దున పిల్లల్ని బళ్ళో దింపి, సాయంత్రం సరుకులు మోసే కార్లే. వచ్చిన వాళ్ళు వచ్చినట్టు గడ్డి మీద టార్పాలిన్ పరిచి, కార్లోవన్నీ దాని మీద కుప్పపోశారు. ట్రాక్ మీదికి వెళ్ళే కార్లో ఎగిరేది ఏదీ ఉండకూడదు.

మా కుప్పే అందరికంటే పెద్దది. ఆర్లో సీటు, డైపర్లు, రెండు దుప్పట్లు, తడిగుడ్డల ప్యాకెట్టు, నేను తిందామని పెట్టుకుని తినని ఒక ఆపిల్. కార్లు తనిఖీ చేసే లీనర్ట్‌కి డెబ్బై దాటాయి. మోకాళ్ళ మీద వంగి, డ్రైవర్ సీటు కింద చెయ్యి పెట్టి రబ్బరు నిప్పల్ ఒకటి బయటికి తీశాడు.

"ఇది డ్రైవర్‌దేనా?"

"మావాడిదే," అంది రేలీన్, మడత కుర్చీలో ఆర్లోని ఒళ్ళో పెట్టుకుని. "ముప్పైకి దగ్గర పడుతున్నాడు, ఇంకా మానలేదు."

"ఇద్దరూ నడుపుతున్నారా?" అని లీనర్ట్ నా వైపు తిరిగాడు. "మొదటి సారా తల్లీ?"

"అవును."

"భయపడ్డవాళ్ళు గోడకి కొట్టరు. కొట్టేది ఎప్పుడూ సంతోషంగా ఉన్నవాళ్ళే." ఆ మాట అని జారెడ్ భుజం మీద తట్టి పక్క కారుకి వెళ్ళాడు.

నేను రెండు నిమిషాలని రాసిచ్చాను. జారెడ్ నిమిషం నలభై అని రాశాడు. మొదటి వంతు నేనే అడిగి తీసుకున్నాను, కారు బాగున్నప్పుడే నడపాలని. హెల్మెట్ బకిల్ పెడుతూ జారెడ్ ఎనిమిది విషయాలు చెప్పాడు. ఎక్కడ బ్రేకు వెయ్యాలో, మలుపులో ఎటు చూడాలో, పసుపు జెండా ఊపితే ఏం చెయ్యాలో, ఆఖరి చుట్టు నెమ్మదిగా తిరిగి ఎలా చల్లార్చాలో, లోపలికొచ్చి ఎక్కడ ఆపాలో, ఎలా ఆపాలో. నేను తలాడిస్తూ అతని భుజం మీంచి ఆర్లో కాలివేళ్ళు చూస్తున్నాను. ప్లాస్టర్ బిగుసుకుంటే వేళ్ళు నీలంగా మారతాయి. గంటకి నాలుగు సార్లైనా చూస్తాను. గులాబీ రంగులోనే ఉన్నాయి.

"అన్నీ గుర్తున్నాయా?"

"ఉన్నాయి," అన్నాను. ఏడు గుర్తున్నాయి.

ఆ మొదటి వంతు గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆరు చుట్లూ పళ్ళు బిగబట్టుకునే తిరిగాను. ఒక చుట్టు రెండు నిమిషాల పన్నెండు, ఇంకోటి నిమిషం యాభై ఒకటి. బటన్ నొక్కితే కారు గుర్రంలా గింజుకుంటోందని రెండో చుట్టులోనే తీసేశాను. లోపలికి వచ్చాక చేతులు స్టీరింగు మీంచి ఊడిరాలేదు.

తరవాత జారెడ్. నేను కంచె దగ్గర నిలబడ్డాను, ఆర్లోకి పాలిస్తూ, పైన దుప్పటి కప్పుకుని. మన కారు శబ్దం మనకి తెలిసిపోతుంది. ఆ మూల మలుపు దగ్గర టైర్లు ఏడ్చిన ప్రతిసారీ నా పాలు ఆగిపోయినట్టయ్యేది, ఆర్లో తల ఎత్తి విసుక్కునేవాడు.

"కళ్ళు మూసుకోవే అమ్మాయ్," అంది రేలీన్. "వాళ్ళ నాన్నని చూస్తూ నేను నేర్చుకున్నది అదొక్కటే."

"చెవులెలా మూసుకోవాలి?"

"అది నేర్చుకునేలోపే ఆయన పోయాడు. కారులో కాదులే. గుండెతో, మంచం మీద."

జారెడ్ నిమిషం ముప్పై మూడు, నిమిషం ముప్పై నాలుగు తిరిగాడు. రాసిచ్చిన దానికంటే ప్రతి చుట్టూ వేగమే, మార్కులన్నీ పోయాయి. కారు దిగుతూనే నా దగ్గరికి వచ్చాడు. మెడ చెమటతో మెరుస్తోంది. నాలుగు నెలల తరవాత ఆ మొహంలో నాకు పరిచయమున్న మనిషి కనబడ్డాడు.

"ఆ మూల దాటాక చూశావా టాల్? బ్రేకు వదిలిపెట్టి అలా ఆనిస్తే చాలు, అదే తిరుగుతోంది. నువ్వు కూడా బటన్ తియ్యకు. తీస్తే నువ్వు ఒకటి అడుగుతావు, అది ఆలోచించుకుని ఇస్తుంది. ఉంచితే అడిగిందే ఇస్తుంది. అదే నీలాంటి వాళ్ళకి మంచిది."

"నాలాంటి వాళ్ళంటే?"

"ఎంత కావాలో తెలిసినవాళ్ళకి," అన్నాడు. వెటకారమేమో అని చూశాను. కాదు.

*

నా రెండో వంతు మధ్యాహ్నం రెండింటికి. రొట్టెలో సాసేజ్ పెట్టుకుని తిన్నాను, కడుపులో అది బరువుగా కూర్చుంది. నిద్ర కళ్ళ మీదకి వస్తోంది. ఈసారి భయపడే ఓపిక కూడా లేదు. బటన్ నొక్కి ఉంచేశాను.

రెండో చుట్టులో ఒక సంగతి అర్థమైంది. కారు గింజుకోవడం లేదు. పొద్దున గింజుకున్నది నా కాలు. ఆర్లో నిద్రపోతున్నప్పుడు కొండ దిగే దారిలో ఎలా నడుపుతానో అలాగే నడిపాను. తల అటూ ఇటూ వాలకుండా, బ్రేకు వేసింది తెలియకుండా, మలుపు ఎక్కడ మొదలైందో లోపలున్నవాడికి తెలియకుండా. ఆ బటన్ ఉంటే అదే పని ఇంకా తేలిగ్గా ఉంది. వేలెడంత అడిగితే వేలెడంతే ఇస్తోంది. మూల మలుపులో బరువంతా మెల్లగా ఒక పక్కకి వాలి, స్టీరింగు అరచేతిలో బిగిసి, మళ్ళీ సడలి, ముందు తిన్నని దారి తెరుచుకునేది. అప్పుడు కాలు దించితే ఇంజను గొంతు మారేది. నాకు తెలియకుండానే నోరు తెరిచి ఊపిరి వదిలాను.

నాలుగో చుట్టులో గుర్తొచ్చింది, ఇంతసేపూ వాడి కాలివేళ్ళ సంగతి తలుచుకోలేదని. ఆకలేమో అనీ తలుచుకోలేదు. మంగళవారాన్ని తలుచుకోలేదు. వాడు పుట్టాక నా తలలో నేను ఒక్కదాన్నే ఉన్న ఎనిమిది నిమిషాలు అవి. వెంటనే తప్పు చేసినట్టనిపించింది. అయినా అయిదో చుట్టూ అలాగే తిరిగాను. ఆరోది కూడా.

లోపలికి వచ్చి హెల్మెట్ తీసేసరికి ఆర్లో ఏడుపు వినబడింది. అది ఆకలి ఏడుపు కాదు, అంతకంటే పైన ఇంకొకటుంది, అది. నా చొక్కా ముందు భాగం పాలతో తడిసిపోయింది. అక్కడ నేల కాస్త వాలుగా ఉంటుంది. మా నాన్న యూట్ ఒకసారి గొర్రెల షెడ్డు దగ్గర తనంతట తనే దొర్లి కంచెలో పడినప్పటి నుంచి, సమతలం మీదైనా హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా నేను కారు దిగను. రెండు చేతులతో పట్టి, ఇక రానంత దాకా లాగి, పరుగెత్తాను.

అదే ఎనిమిదో విషయం. ట్రాక్ మీంచి వచ్చిన కారుకి హ్యాండ్ బ్రేకు వెయ్యకూడదు. గేర్లో వదిలి, చక్రానికి చెక్క అడ్డం పెట్టాలి. వెనక బ్రేకులు పెనంలా కాలి ఉంటాయి. ఆ వేడి మీద బిగిస్తే బ్రేకు పలక చక్రం డిస్కుని పట్టుకుని అలాగే అతుక్కుపోతుంది.

అరగంట తరవాత జారెడ్ తన ఆఖరి వంతు కోసం హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. నేను ఆర్లోని భుజాన వేసుకుని కుర్చీలో కునుకు తీస్తున్నాను. ఇంజను శబ్దం వచ్చింది. తరవాత ఇంకో శబ్దం, కారు ముందుకి పోబోయి కుంగినట్టు. అడుగంటిన వంటకంలాంటి వాసన ఇటు దాకా కొట్టింది. ఇంజను ఆగింది.

జారెడ్ దిగి వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు.

"హ్యాండ్ బ్రేకు ఎవరు వేశారు?"

అతను పెద్దగా అనలేదు. అరిస్తే బాగుండేది.

లీనర్ట్ చెక్క సుత్తి తెచ్చి, చక్రం విప్పించి, పక్కల నుంచి తట్టాడు. ఏడెనిమిది దెబ్బలకి వదిలింది. డిస్కు మీద పలక అచ్చు నల్లగా పడి ఉంది. చక్రం బిగించి, జారెడ్‌ని పార్కింగు చుట్టూ నెమ్మదిగా తిప్పి రమ్మన్నాడు. బ్రేకు వేసినప్పుడల్లా కారు డబడబా వణికింది.

"ఆగుతోంది," అన్నాడు జారెడ్. "వణికితే వణికింది. ఆరు చుట్లేగా?"

"ఇంటికెళ్ళడానికి ఆగుతుంది. ట్రాక్ మీదికి నేను సంతకం పెట్టను నాయనా."

"లీనర్ట్, నాకు జులై దాకా ఇదే ఆఖరు."

"జులై దాకా నేనుంటానో లేదో నాకే తెలీదు. అయినా పెట్టను."

జారెడ్ హెల్మెట్ తీసి కారు పైన పెట్టాడు. రేలీన్ ఆర్లోని నా దగ్గర నుంచి తీసుకుని అవతలికి నడిచింది.

"కావాలనే చేశావా?" అని అడిగాడు జారెడ్, నా వైపు చూడకుండా.

"లేదు."

"నేను వెళ్ళకుండా ఉండాలని."

"ఆ ఆలోచన వచ్చి ఉంటే చేసేదాన్నేమో. రాలేదు. వంతులు తగ్గించడానికే పేరిచ్చాను. అది మాత్రం కావాలనే. ఇది మరిచిపోయాను. నాకు ఏదీ గుర్తుండటం లేదు జారెడ్. మంగళవారం కొండ దిగాలి, ఇప్పుడు నేనే దాన్ని పాడుచేశాను."

అతను హెల్మెట్ తీసుకుని టార్పాలిన్ వైపు నడిచాడు. నేను పేరిచ్చిన రోజు అతని మొహం ఎలా వెలిగిందో నాకు గుర్తొచ్చింది. అతనికీ అదే గుర్తొచ్చి ఉంటుంది.

టార్పాలిన్ మీద కుప్ప మళ్ళీ కార్లోకి ఎక్కిస్తుంటే లీనర్ట్ కాగితంతో వచ్చాడు. "తల్లీ, ఆ రెండో వంతులో నీ ఆరు చుట్ల మధ్య తేడా సెకను కూడా లేదు. పొద్దుటిది కలిపితే తొమ్మిదో స్థానం." జారెడ్ వైపు చూశాడు. "నీది అడగొద్దు."

"అడగలేదు," అన్నాడు జారెడ్. మూతి ఒక పక్క కదిలింది, నవ్వు దాకా పోలేదు.

*

సోమవారం సాయంత్రం పని నుంచి వచ్చి, అన్నం తినకుండా వెనక చక్రాలు విప్పి, గరుకు కాగితంతో డిస్కులు రుద్దాడు. కొత్త పలకలు గురువారానికి గాని రావని మర్రీ బ్రిడ్జ్‌లో విడిభాగాల కొట్టు వాడు చెప్పాడు. నేను వంటింటి కిటికీలోంచి ఆ రుద్దే చప్పుడు వింటూ, ఆసుపత్రికి ఫోన్ చేసి రోజు మార్చమని అడగాలా అని ఆలోచిస్తున్నాను. మార్చితే మళ్ళీ వచ్చే వారానికే.

లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నాడు. "ఊరి చివరి దాకా వెళ్ళొచ్చాను. ఆగుతోంది. కొంచెం వణుకుంది."

"కొండ మీద?"

"అందుకే నేనొస్తున్నాను. వాన రాలేదుగా, ఒక రోజు ఇమ్మని అడిగాను."

నాలుగు మంగళవారాల్లో అతను వచ్చింది లేదు. రమ్మని నేను అడిగిందీ లేదు, పని ఉంటుందని.

మంగళవారం అతనే నడిపాడు. బటన్ జోలికి పోలేదు. సొరంగం దాటి కొండ దిగడం మొదలయ్యాక, లారీల వెనక, రెండో గేర్లో పెట్టి ఇంజను పట్టు మీదే దించాడు. వెనకనున్న వాళ్ళు హారన్ కొడుతుంటే చెయ్యి బయట పెట్టి వెళ్ళమని ఊపాడు. బ్రేకు మూడు సార్లే వేశాడు. మూడు సార్లూ కారు వణికింది, మూడు సార్లూ నేను ఆర్లో ప్లాస్టర్ మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. కింద మొదటి సిగ్నల్ దగ్గర ఆగాక అతను ఊపిరి వదలడం వినిపించింది.

"ప్రతి వారం ఇదంతా ఒక్కదానివే దిగుతున్నావా?"

"వాడు ఏడుస్తుంటే ఇంకా బాగుంటుంది," అన్నాను.

లోపల కట్టు కోసే రంపం చప్పుడికే జారెడ్ గోడకి ఆనుకున్నాడు. పాదం బయటికి వచ్చింది, తెల్లగా, పొలుసులు పొలుసులుగా, చిన్నగా. డాక్టరమ్మ దాన్ని బొటనవేలితో నొక్కి బయటికి తిప్పుతుంటే ఎవరో ఒకరు మోకాలు కదలకుండా పట్టుకోవాలి. ప్రతి వారం నేనే పట్టుకుంటాను.

"ఈసారి నాన్నగారు పట్టుకుంటారా?" అందావిడ.

జారెడ్ వచ్చి పట్టుకున్నాడు. ఆర్లో ఊపిరి బిగబట్టి, ఎర్రబడి, అప్పుడు అరిచాడు. జారెడ్ చేతులు గట్టిగా పట్టాలో వదలాలో తెలియక ఆగిపోయాయి.

"అంత గట్టిగా వద్దు. వదిలెయ్యనూ వద్దు," అన్నాను. "వాడు ఎంత తంతే అంతే పట్టు."

అతను అలాగే పట్టుకున్నాడు. ప్లాస్టర్ చుట్టి, అది ఆరేదాకా, ఇరవై నిమిషాలు. పాదం పోయినవారం కంటే బయటికి వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా రెండు.

తిరుగుదారిలో కూడా నేను వెనక ఆర్లో పక్కన కూర్చున్నాను. ఈసారి కొండ ఎక్కడమే, బ్రేకుతో పని లేదు. జారెడ్ నడుపుతుంటే నేను ఎప్పుడూ నిద్రపోలేదు. పెళ్ళికి ముందు కూడా. ఎప్పుడూ ఒక కాలు నేలకి తన్ని పెట్టి, లేని బ్రేకు తొక్కుతూ కూర్చుంటాను. సొరంగం చూశాను. దాని అవతలి కొస చూడలేదు.

కళ్ళు తెరిచేసరికి ఇంజను ఆగి ఉంది. మా ఇంటి ముందు ఉన్నాం. ఎండ అద్దాల మీంచి జారి పక్కింటి కంచె మీదికి పోయింది. జారెడ్ డ్రైవర్ సీట్లో అలాగే కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందుకి చూస్తూ.

"ఎంతసేపయింది వచ్చి?"

"ముప్పావు గంట."

"లేపొచ్చుగా."

"తలుపు తీస్తే వాడు లేస్తాడు. వాడు లేస్తే నువ్వు లేస్తావు." మెడ వెనక్కి తిప్పకుండానే, సన్నగా అన్నాడు. "ఇంకాసేపు పడుకో."

వాడి వేళ్ళు చూశాను. గులాబీ రంగులోనే ఉన్నాయి. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.